బాణం దెబ్బ తిన్న లేడి

మొన్న శనివారం సాయంత్రం మావారికి నడక బూట్లు కొందామని, దుబాయ్ అల్ నహ్దాలో ఇప్పుడు మేముంటున్న ఇంటికి దగ్గరగా ఉన్న మాల్‌కి వెళ్లాం. ఆయన నడిచేది తక్కువ, బూట్లు మార్చేది ఎక్కువ. అరవై దాటాక ఆ ఉత్సాహమైనా మిగిలినందుకు సంతోషించి నేనూ వెంట వెళుతుంటాను. ఆటసామాన్ల దుకాణంలో బూట్ల వరస దాటాక, జనం పెద్దగా రాని ఒక మూల, గోడకి విల్లులు తగిలించి ఉన్నాయి. మన చిన్నప్పుడు వెదురుబద్దకి పురికొస కట్టి చేసుకున్నలాంటివి కావు, రెండు కొసలా చిన్న చిన్న కప్పీలు, వాటి మీదుగా అటూ ఇటూ పోయే తీగలు, గురి చూసుకోవడానికి రంగురంగుల చుక్కలున్న ఒక పరికరం, చూస్తే విల్లు అనిపించదు, ఏదో యంత్రం అనిపిస్తుంది. దుకాణంలో పనిచేసే మలయాళీ అబ్బాయి, పాపం బేరాలు లేవేమో, ఆడవాళ్లకి కూడా తేలికేనని చెప్పి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తీగని కొంచెం లాగి వదిలాను. ఆ తీగ చేసిన సన్నని మోత నా వేళ్లలోంచి మోచేతి దాకా పాకింది. మెల్లగా విల్లు తిరిగి ఇచ్చేసి బూట్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. మావారు నన్ను గమనించి, బండి ఎక్కాక, "ఆ లేడి గుర్తొచ్చిందా?" అన్నారు. అవునన్నాను. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాలనిపిస్తోంది.

నేను పశువుల డాక్టర్ని. ఏలూరు దగ్గర పుట్టి, పోలవరం వైపు మన్యం అంచున ఉన్న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో సగం జీవితం గడిపి, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక, అబూధాబీలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్న మావారి దగ్గరికి వచ్చేశాను. వచ్చిన కొత్తలో ఇంట్లో కూర్చోలేక ఇక్కడి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, బనియాస్‌లో ఒక చిన్న పశువైద్యశాలలో చేరాను. యాభై దాటాక మళ్లీ తొలి ఉద్యోగంలో చేరినట్టు ఉండేది నా పని. గేదెలకీ ఎడ్లకీ అలవాటు పడ్డ చేతులు ఒంటె ముందు ఎటు పెట్టాలో తెలిసేవి కావు. డేగని పట్టుకోమంటే అది నా వంక చూసే చూపుకే సగం ధైర్యం పోయేది. మా పెద్ద డాక్టరుగారు సూడాన్ దేశస్థుడు, ఎంత కంగారు పని వచ్చినా టీ తాగి గాని లేచేవారు కారు. ఆయన అరబ్బీ నాకు సగం అర్థమయ్యేది, నా ఇంగ్లీషు ఆయనకి సగం అర్థమయ్యేది, మిగిలిన సగం జంతువే చెప్పుకునేది. ఇక కారు నడపడానికి లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కిన కథ ఉంది గానీ, అది మావారు నవ్వుకోవడానికి దాచుకున్న కథ, నేను రాయను.

అప్పుడు కరోనా రెండో ఏడు నడుస్తోంది. మన వయసు వాళ్లం ఆ రోజుల్ని మర్చిపోయామని అనుకుంటాం గానీ, ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, అన్నీ గుర్తొస్తాయి. దుబాయ్ నుంచి అబూధాబీకి రావాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకోవాలి, జబ్బు లేదని ఫోనులో ఆకుపచ్చ రంగు చూపించాలి, దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఉన్న మా చెల్లెల్ని చూసి నెలలు గడిచిపోయేవి. మా పెద్ద డాక్టరుగారు సెలవు మీద వాళ్ల దేశం వెళ్లి విమానాలు లేక అక్కడే ఆగిపోయారు. వైద్యశాల భారం నా మీద పడింది. ఆ చలికాలంలోనే నాకూ ఆ జబ్బు వచ్చి తగ్గింది గాని, ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఒక అంతస్తు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున స్వేహాన్ వైపు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఇసుక దిబ్బల మధ్య ఒక పెద్ద కుటుంబానికి తోట ఉండేది. ఖర్జూరాలు, మేకలు, దూరంగా కంచె వేసిన విశాలమైన మైదానంలో ఒక జింకల మంద. ఆ మందని ఇప్పటి యజమానుల తండ్రి ఎప్పుడో మొదలుపెట్టాడట. తోటని చూసుకునే మనిషి మన జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ముందు కట్టుబడి పనుల క్యాంపుల్లో ఉండి, తర్వాత ఈ తోటకి వచ్చి స్థిరపడ్డాడు. నాకంటే చిన్నవాడే అయినా నేను అతన్ని అన్నా అనే పిలిచేదాన్ని, అతను నన్ను డాక్టరమ్మా అనేవాడు. మేకలకి టీకాలు వేయడానికి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే కోసిన మెంతికూర నా బండిలో పెట్టేవాడు. జింకలు అతని చేతిలోంచి మేత తినేవి. ఆ రోజు ఫోనులో అతని గొంతు ఎప్పటిలా లేదు.

"డాక్టరమ్మా, ఒక జింకకు కంచె తీగ గీసుకున్నది. మీరు జర వచ్చి సూది ఏసి పోండ్రి," అన్నాడు.

క్లినిక్ బండి తీసుకుని బయలుదేరాను. నేను వెళ్లేసరికి అన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు గాని నా కళ్లలోకి చూడడం లేదు. మంద దూరంగా గాఫ్ చెట్ల నీడలో ఉంది. ఆ చెట్టు మన జమ్మిచెట్టే, ఇసుకలో కూడా పచ్చగా ఉంటుంది. అన్న చూపించిన వైపు బైనాక్యులర్స్ పెట్టి చూశాను. మందకి కొంచెం ఎడంగా ఒక ఆడ జింక, ఇసుకరంగు ఒళ్లు, తెల్లని పొట్ట, నిలబడి ఉంది. వెనక కుడి తొడలోంచి నల్లని పుల్ల ఒకటి బయటికి పొడుచుకుని ఉంది, దాని చివర ఆకుపచ్చ ఈకలు. ఏ కంచె తీగకీ ఈకలు ఉండవు. బైనాక్యులర్స్ దించి అన్న వైపు చూశాను. అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"నన్ను అట్లనే చెప్పుమన్నరమ్మా. నా చేతిలకెళ్లి మేసే జీవి అది. రాత్రి నాకు బువ్వ గూడ పోలేదు," అన్నాడు.

జరిగింది మెల్లగా చెప్పాడు. తోట యజమానులు అన్నదమ్ములు. పనివాళ్లు వాళ్లని పెద్ద అర్బాబ్, చిన్న అర్బాబ్ అంటారు. చిన్న అర్బాబ్‌కి ముప్పై దాటి ఉంటాయి. లాక్‌డౌన్‌లో ఏమీ తోచక విలువిద్య మొదలుపెట్టి, తోటలో గడ్డిమోపులకి గురి చూసి కొట్టడం నేర్చుకుని, బాగా పట్టు సంపాదించాడట. తర్వాత వేటకి వాడే, మూడు రెక్కల బ్లేడ్లున్న ములుకులు ఎక్కడి నుంచో సంపాదించాడు. ఈ దేశంలో అడవి జంతువుని వేటాడడం నేరమని అతనికీ తెలుసు. కానీ ఇవి మా నాన్న పెంచిన జింకలు, మా కంచెలో ఉన్నవి, మేకతో సమానమే కదా అనుకున్నాడు. ముందురోజు సాయంత్రం స్నేహితులు వచ్చారు, ఫోనులు పట్టుకుని వెనక నిలబడ్డారు, చాలా దూరం నుంచి బాణం వదిలాడు. బాణం కంటే తీగ చప్పుడు ముందు చేరింది. జింక ఎగిరింది, గుండెకి పెట్టిన గురి తొడకి తగిలింది. తర్వాత బండి ఎక్కి వెంటపడ్డారు. బండి దగ్గరికొచ్చిన కొద్దీ మంద మొత్తం కంచె పొడవునా పరిగెత్తింది. చీకటి పడ్డాక స్నేహితులు వెళ్లిపోయారు.

అన్న భయం నాకు అర్థమైంది. ఇలాంటి విషయం బయటపడితే నింద ముందు ఎవరి మీద పడుతుందో గల్ఫ్‌లో బతికినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. వీసా అర్బాబ్ చేతిలో ఉన్నవాడు అర్బాబ్ చెప్పిన మాటే చెబుతాడు. నేను కంచె తీగ అని ఒప్పుకుని సూది వేసి వెళ్లిపోవచ్చు. కానీ ఆ సూదిని కూడా ఆ జింక దగ్గరికి వెళ్లి వేయాలి, అది ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ముందురోజు వరకూ చేతిలోంచి మేసింది, ఇప్పుడు అన్న నాలుగు అడుగులు వేస్తే చాలు, కుంటుకుంటూ దూరంగా పోతోంది.

ఇంతలో పెద్ద అర్బాబ్ వచ్చారు. పాదాల దాకా తెల్లని కందూరా, నెరిసిన గడ్డం, మితంగా మాట్లాడే మనిషి. ఆయనకీ కంచె తీగ అనే చెప్పినట్టున్నారు. ఆయన మనసులో ఒకటే ఉంది. జింక బాధపడుతోంది, బాధపడే జీవాన్ని అలా వదిలేయడం పాపం, దాన్ని పట్టించి శాస్త్రప్రకారం కోయిస్తే బాధ తీరిపోతుంది, ఖలాస్. నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను ఎన్నో గేదెల విషయంలో అదే మాట రైతులతో చెప్పినదాన్ని. వైద్యం చేయగలిగినంత మాత్రాన చేసి తీరాలని లేదు. అయితే పట్టుకోవడం ఎలా అన్నదే ప్రశ్న; వెంటపడి పట్టుకుంటే కత్తి అక్కర్లేకుండానే అది చచ్చిపోతుంది.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. పోలవరం దగ్గర ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, కుక్కలు తరిమిన ఒక చుక్కల దుప్పిని ఊరివాళ్లు నలుగురూ కలిసి దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఒంటి మీద గాట్లు రెండో మూడో, అవీ లోతైనవి కావు. నేను కుట్లు వేయడానికి దారం ఎక్కిస్తుంటే, బల్ల చుట్టూ జనం చూస్తుండగా, అది వణికి వణికి ఒక్కసారిగా మెడ వాల్చేసింది. గాయంతో కాదు, భయంతో. పరుగుకీ భయానికీ జింకల కండరాలు లోపలే ఉడికిపోతాయి, గుండె ఆగిపోతుంది. పుస్తకంలో చదివిందే, కానీ వేడిగా ఉన్న ఆ మెడ మీద చెయ్యి పెట్టాకే నాకు అర్థమైంది. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ అడవి జంతువు వచ్చినా ముందు జనాన్ని బయటికి పంపి తలుపు వేసేదాన్ని.

అందుకే పెద్ద అర్బాబ్‌కి చెప్పాను, ఎవరూ వెంటపడొద్దు, ముందు కాసేపు చూడనివ్వండి అని. ఆయన అన్నని చూసి, ఈ తీగ ఎక్కడ తెగింది, చూపించు అన్నారు. అన్న నేల చూశాడు. అప్పుడే చిన్న అర్బాబ్ తన బండి గేటు బయటే ఆపి నడుచుకుంటూ వచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. పెద్ద అర్బాబ్‌తో అరబ్బీలో ఒక మాట అని, నా కోసం హిందీలో మళ్లీ అన్నాడు.

"తీగ కాదు డాక్టర్. నేను కొట్టాను. అతన్ని అబద్ధం చెప్పమన్నది కూడా నేనే."

పెద్దాయన తమ్ముడి వైపు ఒకసారి చూశారు. తర్వాత వెళ్లి అన్న భుజం మీద చెయ్యి వేసి నీడలో కూర్చోబెట్టారు. తమ్ముడిని ఏమీ తిట్టలేదు. ఆ మౌనం కంటే నాలుగు తిట్లే నయమని ఆ కుర్రాడికి అనిపించి ఉంటుంది.

చిన్న అర్బాబ్ జింకని కోయొద్దన్నాడు. ఎంత ఖర్చైనా సరే బతికించమని నన్ను అడిగాడు. ఇక్కడే నాకు సందేహం వచ్చింది, ఇప్పటికీ ఆ సందేహం సరైనదే అనుకుంటాను. ఈ వైద్యం జింక కోసమా, ఇతని మనశ్శాంతి కోసమా? అతని మనసు తేలికపడడానికి ఆ జీవం ఇంకొన్ని రోజులు చిత్రహింస పడకూడదు కదా. ఈ మాట అతనితోనే అన్నాను. అతను కోప్పడలేదు. అయితే మీరే చూసి చెప్పండి, మీరు కోయమంటే కోయిద్దాం, నేను పక్కనే నిలబడతాను అన్నాడు. ఆ మాటతో అతని మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

బైనాక్యులర్స్‌తో చూస్తూ కూర్చున్నాను. ఎముక విరిగి ఉంటే కాలు వేలాడుతుంది, వేలాడడం లేదు. నిలబడ్డప్పుడు కాలు గాలిలో పెట్టినా, నడిచేటప్పుడు డెక్క నేలకి ఆనిస్తోంది. కాసేపటికి తల వంచి గడ్డి కొరికింది, నెమరు వేసింది. నొప్పి భరించలేని జీవం నెమరు వేయదు. బతుకు మీద ఆశ ఆ జింకకే ఉన్నప్పుడు, లేదనడానికి నేనెవరిని అనిపించింది. వైద్యం చేద్దామన్నాను.

పెద్ద డాక్టరుగారికి ఫోను చేశాను. ఖార్తూమ్‌లో వాళ్ల ఇంటి వరండాలోంచి, వెనక కోళ్లు అరుస్తుండగా, ఆయన వీడియోలో అంతా విని, నేను అనుకున్నదే చెప్పారు. మత్తుమందు దూరం నుంచి ఇవ్వాలి, అదీ దాని ఒంట్లో ఇంకాస్త భయం పుట్టించకుండా. క్లినిక్‌లో దానికి ఒక ఊదుగొట్టం ఉంది. బారెడు పొడవున్న సన్నని గొట్టంలో సూది ఉన్న చిన్న సిరంజి పెట్టి, నోటితో గట్టిగా ఊదితే వెళ్లి కండలో దిగుతుంది. ఏడెనిమిది గజాలకి మించితే నమ్మకం లేదు. ఎప్పుడూ డాక్టరుగారే ఊదేవారు. నేను ఊది చూస్తే నా సిరంజి మూడు అడుగుల అవతల ఇసుకలో పడింది. దానికే ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను. అన్న ఊదడానికి లేదు, మందని మేతతో పిలిచి నిలబెట్టగలిగింది అతనొక్కడే. పెద్ద అర్బాబ్‌కి చేతులు వణుకుతాయి. మిగిలింది ఎవరో నలుగురం ఒకేసారి గ్రహించాం. చిన్న అర్బాబ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదు. దాని మీద మళ్లీ నేనే గురిపెట్టాలా?" అన్నాడు.

"గురి నీకొచ్చు. దగ్గరికి వెళ్లడమే నేర్చుకోవాలి," అన్నాను నేను.

నీళ్లు నింపిన సిరంజిలతో గడ్డిమోపు మీద ఊదడం నేర్పించాను. ఎండ ఎక్కేదాకా ఊదుతూనే ఉన్నాడు. మర్నాడు చల్లటి వేళ నీళ్ల తొట్టి పక్కన గడ్డిమోపులు పేర్చి దడి కట్టి, దాని వెనక అతనూ నేనూ కూర్చున్నాం. అన్న ఎప్పటిలాగే బక్కెట్ చప్పుడు చేస్తూ, తను ఎప్పుడూ పిలిచే పిలుపుతో, మేత చల్లుతూ మందని పిలిచాడు. మంద వచ్చింది. ఆ జింక మాత్రం చాలాసేపు దూరంగానే నిలబడింది.

ఆ ఎదురుచూపులో, గుసగుసగా, అతను నన్ను అడిగాడు, మీరు మాంసం తినరా డాక్టర్ అని. తింటానన్నాను. మరి తేడా ఏమిటి అన్నాడు, ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. ఆదివారం మా ఇంట్లో మేకమాంసం వండుతాను, మావారికి ఎముకల పులుసు ఇష్టం, అలాంటిదాన్ని నేను అహింస మీద ఉపన్యాసం ఇవ్వలేను.

"తింటాను. నేను తినే మేక మాత్రం తొడలో ఇనుము పెట్టుకుని రాత్రంతా తిరగలేదు," అన్నాను.

అతను దడి సందులోంచి మందని చూస్తూ చెప్పుకొచ్చాడు. తుపాకీ కంటే విల్లు నిజాయితీ గలదని నమ్మాడట. విల్లుతో వేటాడాలంటే దగ్గరికి వెళ్లాలి, గాలి వాలు చూడాలి, కదలకుండా గంటలు కూర్చోవాలి, అనుమానం ఉంటే బాణం వదలకూడదు, వదిలాక తగిలితే దాన్ని వెతికి పట్టుకునేదాకా ఇంటికి పోకూడదు. ఇదంతా చదివాడు, చదివింది నచ్చే మొదలుపెట్టాడు. తీరా ఆ సాయంత్రం వాటిలో ఒక్కటీ పాటించలేదు. చూసేవాళ్లు వెనక ఉంటే చెయ్యి ఆగలేదు డాక్టర్ అన్నాడు. పైగా కంచెలో ఉన్న జంతువు, నాలుగు వైపులా దారి లేని జంతువు, దానితో పోటీ ఏమిటని నేను అడిగాను. ఆ మాట నిన్నటి నుంచీ తననీ తొలిచేస్తోందన్నాడు.

ఆ పొద్దున అతను గొట్టం రెండుసార్లు పెదవులకి ఆనించి, రెండుసార్లూ దించేశాడు. మొదటిసారి జింక అందే దూరంలోనే ఉంది కానీ గాయమైన తొడ మా వైపు తిరిగి ఉంది. రెండోసారి మధ్యలో ఇంకో జింక పిల్ల వచ్చింది. నాకు ఓపిక చచ్చిపోయి, ఊదు ఊదు అని గిల్లుదామా అనిపించింది. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఎండ ముదిరాక మంద వెళ్లిపోయింది. ఆ రోజు పని జరగలేదు. నిరాశతో దడి వెనకనుంచి లేచి నడుం పట్టుకుంటూ వస్తుంటే, పెద్ద అర్బాబ్ తమ్ముడికి తన చేత్తో గావా, అదే అరబ్బు కాఫీ, పోసి ఇవ్వడం చూశాను. ముందురోజు నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. ఈసారి దాహం జింకని తొట్టి దాకా తెచ్చింది. తల వంచి నీళ్లలో మూతి పెట్టింది, మంచి కాలి వైపు తొడ మా వైపు తిరిగింది. అతను ఊదిన చప్పుడు నాకు పక్కనే ఉన్నా సరిగా వినిపించలేదు. జింక తోక ఒకసారి విదిల్చి, రెండడుగులు ముందుకేసి, ఈగ కుట్టినట్టు వెనక్కి చూసి మళ్లీ నీళ్లు తాగింది. సిరంజి సరైన కండలో నిలువుగా దిగి ఉంది. కాసేపటికి ముందుకాళ్లు మడిచి, నిద్రొచ్చిన పసిపిల్లలా ఇసుకలో కూర్చుండిపోయింది.

ఇక ఆ తర్వాత పని నాది, ఆయాసం కూడా ఎటు పోయిందో తెలియదు. కళ్లకి గుడ్డ కట్టి, తల ఎత్తి పట్టుకోమని అన్నకి అప్పగించి, ఒంటి మీద తడి తువ్వాళ్లు కప్పించాను. రెక్కలున్న ములుకుని వెనక్కి లాగితే వచ్చిన దారంతా కోసుకుంటూ వస్తుంది. అందుకని తొడ అవతలి వైపు చర్మం కింద ములుకు మొన తడిమి పట్టుకుని, అక్కడ చిన్న గాటు పెట్టి, ముందుకే తోసి బయటికి తీశాను. తర్వాత పుల్లని కత్తిరించి లాగేశాను. చీము అప్పుడే మొదలైంది, కానీ కండ రంగు ఇంకా మంచిగానే ఉంది. కడిగి కడిగి, గాయం లోపల్నుంచి మానేలా కుట్లు వేయకుండా వదిలి, పెద్ద డాక్టరుగారు చెప్పిన మందులు ఎక్కించి, మత్తు విరిచే సూది ఇచ్చి అందరం దూరంగా వచ్చేశాం. అది లేచి, తూలి, నిలదొక్కుకుని, ఒకసారి ఒళ్లు దులుపుకుని మంద వైపు నడిచింది. అన్న చెట్టుకి ఆనుకుని ఏడ్చేశాడు. చిన్న అర్బాబ్ ఆ ములుకుని ఇసుకలోంచి తీసి చూస్తూ ఉండిపోయాడు. వేలితో అంచు తాకి చూడబోతే నేనే వద్దన్నాను, అది అప్పటికీ బ్లేడంత పదును.

ఒక సంగతి మాత్రం మిగిలింది. నేను చికిత్స వివరాల్లో బాణం గాయం అనే రాస్తానని ముందే చెప్పాను. పెద్ద అర్బాబ్ దానికి ఎదురు చెప్పకపోవడమే కాదు, ఆ వారమే తమ్ముడిని వెంటబెట్టుకుని వెళ్లి సంబంధిత అధికారులకి జరిగింది తామే చెప్పుకున్నారు. జరగవలసిన విచారణ జరిగింది, పడవలసిన శిక్ష పడింది. అన్న పేరు ఎక్కడా రాలేదు. తోట పని యథాప్రకారం సాగింది, మెంతికూర కూడా.

గాయం మానడానికి ఎండలు ముదిరేదాకా పట్టింది. వారానికోసారి వెళ్లి బైనాక్యులర్స్‌తో చూసి వచ్చేదాన్ని. ముట్టుకోవలసిన అవసరం మళ్లీ రాలేదు. గాయం మానినా భయం అంత తొందరగా మానలేదు. అన్న చేతిలో మేత తినడానికి ఆ జింక వేసవి చివర్లో గాని రాలేదు. ఇక చిన్న అర్బాబ్ బండి రంగు చూస్తే చాలు, మంద మొత్తం మైదానం అవతలి కొసకి పోయేది. అతను రోజూ సాయంత్రం బండి గేటు బయట ఆపి, కాలినడకన లోపలికి వచ్చి, ఒక గడ్డిమోపు మీద ఊరికే కూర్చునేవాడట. చేతిలో మేత ఉండేది కాదు, ఫోనూ ఉండేది కాదు. కూర్చుని కూర్చుని వెళ్లిపోయేవాడు. కొన్ని నెలలకి జింకలు పారిపోవడం మానేసి నిలబడి చూడడం మొదలుపెట్టాయని అన్న ఫోనులో చెప్పాడు. విల్లు అతను వదిలిపెట్టలేదు. గుండ్రటి అట్టలకి గురి చూసి కొడుతూనే ఉన్నాడు, చాలా బాగా కొడతాడట. ఆ బ్లేడు ములుకులు మాత్రం మళ్లీ తోటలోకి రాలేదు. వేట సరదా ఉన్న స్నేహితులు ఎవరైనా వస్తే, తను చేసింది దాచకుండా చెబుతాడని, చెప్పేటప్పుడు తనని తాను ఏమాత్రం వెనకేసుకురాడని విన్నాను.

కిందటి చలికాలం మావారూ నేనూ చాలా రోజుల తర్వాత ఆ తోటకి వెళ్లాం. అప్పటికి ఎంతో మారిపోయింది. మా పెద్ద డాక్టరుగారు యుద్ధం వల్ల ఇల్లు వదిలి వేరే దేశంలో కొడుకు దగ్గర ఉంటున్నారు, పండగలకి ఫోను చేసి ఇంకా ఒంటెల గురించే అడుగుతారు. బనియాస్ వైద్యశాల చేతులు మారింది. అన్న వీసా రద్దు చేయించుకుని ఊరు వెళ్లిపోయాడు, పసుపు వేస్తున్నానని, నడుము బాగుందని వాయిస్ మెసేజీలు పంపుతుంటాడు. తోటకి వెళ్లే దారిలో ఒకప్పుడు దిబ్బలున్న చోట ఇప్పుడు విల్లాల గోడలు లేచాయి. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది చిన్న అర్బాబే. గడ్డంలో అక్కడక్కడా తెలుపు వచ్చింది. అనుమతులు తెచ్చుకుని, మందలో సగాన్ని ఇప్పటికే కంచెలు లేని రక్షిత ప్రాంతంలోకి పంపేశామని, మిగతా సగం ఈ చలికాలం పోయేలోపు వెళుతుందని చెప్పాడు. నాన్న కట్టిన కంచెని తీసేయడానికి పెద్ద అర్బాబ్ ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టిందట.

అతను ముందు నడిస్తే మేం వెనక నడిచాం. మంద తలలెత్తి చూసి, మళ్లీ మేతలో పడింది. ఆ జింక ఏదని అడిగాను. ముసలిదైంది గాని ఉంది, నడిచేటప్పుడు చూస్తే కొంచెం తెలుస్తుంది అని చెయ్యి చాపి చూపించబోయి ఆగాడు, ఎందుకంటే అప్పుడే ఏదో పిట్ట లేచి, మందంతా ఒక్కసారి గాఫ్ చెట్ల వైపు ఎగిరినట్టు పరిగెత్తింది, ఆ పరుగులో ఏది కుంటుతోందో నాకు తెలియలేదు, అన్నీ ఒకేలా పోయాయి.

మన చిన్నప్పుడు జమీందారుగారి మేడకి పిల్లల్ని తీసుకెళ్లి గోడ మీద దుప్పి తలలు చూపించేవాళ్లు, మనం నోరు తెరుచుకుని చూసి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ దుప్పి ఎంతసేపటికి చచ్చిపోయిందని అప్పుడు ఎవరూ అడగలేదు, అడగాలని కూడా మనకి తోచలేదు. చేసిన గాయానికి ఇన్నేళ్లు సిగ్గుపడి, దాన్ని నలుగురికీ చెప్పుకుని, చివరికి కంచెనే విప్పేసిన మనిషిని నేను ఈ వయసులో, ఈ ఇసుకలో చూశాను. నాకిప్పుడు దిబ్బ ఎక్కే ఓపిక లేదు, కత్తి పట్టే పనీ లేదు. ఈపాటికి ఆ మిగిలిన మంద కూడా వెళ్లిపోయే ఉంటుంది. మళ్లీ స్వేహాన్ వెళ్లినా నాకు చూడడానికి అక్కడ ఒక్క జింకైనా ఉండదు. ఆ మాట తలచుకుంటే కొంచెం దిగులుగా ఉంటుంది, అంతకంటే ఎక్కువ సంతోషంగా ఉంటుంది.